బండి బాగోగులు: నాన్నగారి పికప్‌ను కిందికి దించవచ్చా?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. మా నాన్నగారు 1990లో కొన్న టాటా మొబైల్ 206 డీజిల్ పికప్ ఇప్పుడు నాకు వచ్చింది. దుగ్గిరాల యార్డుకు పసుపు బస్తాలు, తెనాలి మార్కెట్‌కు అరటి గెలలు, సీజన్‌లో ఎరువులు, అన్నీ అందులోనే తోలేవారు. ఆయన పోయి ఏడాది దాటింది. బండి ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. అమ్మబుద్ధి కావడం లేదు, సొంతానికి వాడుకుందామనుకుంటున్నాను. కానీ వెనక భాగం బాగా ఎత్తు. ఖాళీగా తోలితే గుంటల్లో ఎగిరెగిరి పడుతోంది. అమ్మ ఎక్కలేకపోతోంది. నెట్‌లో చూస్తే పాత పికప్‌లను నేలకు దగ్గరగా దించి ఎంతో అందంగా చేస్తున్నారు. మా ఊరి మెకానిక్ కమాన్ పట్టీలు (వెనక బరువు మోసే స్ప్రింగు పట్టీలు) కొన్ని తీసేసి, మిగతావి గ్యాస్‌తో కాల్చి వంచుతానంటున్నాడు. ముందు వైపు బోల్టు తిప్పితే అదే దిగుతుందట. నాలుగు అంగుళాలు దించాలని నా కోరిక. వింటేజ్ బండి కాబట్టి ఆర్టీఓ ఆఫీసు వాళ్ళు కూడా పట్టించుకోరంటున్నారు. ఫొటోలు పంపుతున్నాను. చేయించమంటారా?
— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: బాబూ, ముందు ఒక్క మాట. గ్యాస్ కట్టర్‌ను మాత్రం ఆ కమాన్ కట్టల (ఒకదానిమీద ఒకటి పేర్చిన పట్టీల) దగ్గరికి రానివ్వకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం.

కమాన్ పట్టీ మామూలు ఇనప బద్ద కాదు. సిలికాన్, మాంగనీసు కలిసిన స్ప్రింగ్ స్టీలు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరుస్తారు. మళ్ళీ తక్కువ వేడిలో కాచి ఆ పెళుసుతనం తగ్గిస్తారు. బరువు పడితే వంగి, బరువు తీస్తే మళ్ళీ లేచే గుణం ఆ పదునులో ఉంది. ఊళ్ళో గ్యాస్ మంట పెట్టి ఎర్రబడేదాకా కాల్చి సుత్తితో కొడితే, కాల్చిన చోట పదును పోతుంది. కొన్నాళ్ళకు ఆ చోట వాలిపోతుంది, లేదా కాలిన భాగానికీ కాలని భాగానికీ మధ్య సన్నటి పగులు మొదలవుతుంది. వెనక హౌసింగ్‌ను (వెనక చక్రాల మధ్య ఉండే యాక్సిల్ గొట్టాన్ని) ఛాసిస్‌కు (బండి కింది ఫ్రేముకు) పట్టి ఉంచేది ఆ కమాన్ కట్టే. మెయిన్ పట్టీ విరిగితే హౌసింగ్ ఒక పక్క వెనక్కి జరుగుతుంది, బండి రోడ్డు మీద అడ్డం తిరుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ పని చేసే షాపుల ముందు విరిగిన పట్టీల కుప్పలుంటాయి. ఎప్పుడైనా అటు వెళితే ఆగి చూడండి. విరిగిన చోట సగం నల్లగా, సగం మెరుస్తూ ఉంటుంది. నల్లటి సగం ఎప్పుడో పగిలి తుప్పు పట్టింది. మెరిసే సగం చివరి రోజున తెగింది.

ఇక మీ బండి సంగతి. ఫొటోలు ఒకటికి రెండుసార్లు చూశాను. మీ పికప్ ఇప్పుడు ఉన్న ఎత్తు కంపెనీ ఇచ్చిన ఎత్తు కాదు. వెనక కట్టలో అడుగు వైపున్న పట్టీలు చూడండి. పై పట్టీల కొసలు నున్నగా పలచబడి ఉన్నాయి. కింది రెండింటి కొసలు గ్యాస్‌తో తెగ్గోసినట్టు మొండిగా, అంచున పళ్ళు పళ్ళుగా ఉన్నాయి. పట్టీలను కలిపి పట్టే క్లిప్పు విచ్చుకుపోయి, బోల్టుకు వాషర్ల మీద వాషర్లు పడి ఉన్నాయి. కట్టను హౌసింగ్‌కు బిగించే యు-బోల్టులు కొత్తవి, అసలువాటికంటే పొడుగువి. ఇవన్నీ చెప్పేది ఒకటే: మీ నాన్నగారు పసుపు బస్తాల కోసం ఎక్స్‌ట్రా పట్టీలు వేయించారు. ఆ రోజుల్లో మన వైపు సరుకు తోలిన పికప్‌లలో ఈ పని చేయించని బండి అరుదు. బస్తాకు పది రూపాయలు వచ్చే చోట ఇంకో నాలుగు బస్తాలు వేయాలని ఎవరికైనా ఉంటుంది, ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు. కానీ పట్టీలు పెంచినంత మాత్రాన యాక్సిల్, బేరింగులు, బ్రేకులు బలపడవు. బండి వెనక కూర్చోకుండా ఉంటుంది, అంతే.

టాటా బళ్ళ పేర్లలో ఒక లెక్క ఉంది. 407 అంటే సుమారు నాలుగు టన్నులు, 70 హార్స్ పవర్. అదే పద్ధతిలో 206 అంటే సుమారు రెండు టన్నులు, 60 హార్స్ పవర్. ఆ రెండు టన్నులు బండి బరువూ సరుకూ అన్నీ కలుపుకుని. 1988లో వచ్చిన ఈ 206 మీదే తర్వాత టాటా సియెర్రా, ఎస్టేట్ కార్లు తయారయ్యాయి. అంటే మీ బండికి పుట్టుకతోనే కారు లక్షణం ఉంది. ఖాళీగా తోలినా ఇంత ఘోరంగా ఎగరాల్సిన బండి కాదది. రెండు అదనపు పట్టీలు మోసుకుంటూ, మోయాల్సిన బస్తాలు లేక ఎగురుతోంది.

కాబట్టి నా సలహా: దించడం గురించి ఆలోచించకండి, ముందు దాని అసలు ఎత్తుకు తీసుకురండి. మీరు కోరుకున్న దాంట్లో చాలా వరకు అక్కడే దొరుకుతుంది.

ఎలాగో చెబుతాను. మట్టసంగా ఉన్న సిమెంటు నేల మీద బండి పెట్టండి. టైర్లలో గాలి సరిచూడండి, తొట్టి ఖాళీ చేయండి. బంపర్ మీద రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి వదలండి, కట్టలు సర్దుకుంటాయి. చక్రం నడిబొడ్డు నుంచి నిలువుగా పైన మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి నాలుగు చోట్లా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కలిసిపోయి లెక్క తప్పుతుంది. మీ ఫొటోలో ఇంకో సంగతి కూడా కనిపిస్తోంది. వెనక లేచి ఉంది, ముందు కాస్త కుంగి ఉంది. ముందు వైపు రెండు పొడవాటి టార్షన్ బార్లు (మెలిపడుతూ బరువు మోసే ఉక్కు కడ్డీలు) ఉన్నాయి కదా, వయసుతో అవి వాలాయి. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, దెబ్బ ఆపే బంప్ రబ్బరుకు దాదాపు ఆనుకుని ఉంది. మీ మెకానిక్ చెప్పినట్టు అడ్జస్టింగ్ బోల్టు ఇంకా వదులు చేశాడనుకోండి, ముందు చక్రం గుంటలో పడ్డ ప్రతిసారీ ఆ రబ్బరుకు కొట్టుకుంటుంది. బోల్టు తిప్పితే బార్ మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. మెత్తబడదు. బండి నిలబడే ఎత్తు మారుతుంది, అంతే. కింద ప్రయాణించడానికి మిగిలిన జాగా తగ్గుతుంది కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మీ బండికి ముందు వైపు దించడం అటుంచి, కొద్దిగా లేపాలి.

టార్షన్ బార్ విప్పాల్సి వస్తే ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చకూడదు. ఇన్నేళ్ళు ఒకే వైపు మెలికపడి అలవాటైన ఉక్కును తిరగేసి మెలిపెడితే విరిగే ప్రమాదం ఉంది. విప్పే ముందే పెయింటు చుక్కలు పెట్టించండి: ఏ వైపు బార్, దాని కొస మీది ఏ పన్ను దగ్గర కూర్చుంది, బోల్టు ఎంత బయటికి ఉంది.

వెనక పని ఏదైనా మంచి కమాన్ షాపులో చేయించండి. జాకీ మీద కాకుండా ఛాసిస్ కింద స్టాండ్లు వేసి నిలబెట్టాలి. యు-బోల్టులు విప్పి, కట్ట కిందికి దించి, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తీసే ముందు కట్టను సి-క్లాంపుతో గట్టిగా బిగించి పట్టుకోవాలి. లేకపోతే బోల్టు వదిలీ వదలగానే పట్టీలు విచ్చుకుని చేతిమీదికొస్తాయి. పట్టీలు విడిపోయాక మీరు పక్కనే నిలబడి చూడండి. మధ్యలో ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. వైరు బ్రష్‌తో రుద్ది, కిరసనాయిలుతో కడిగాక ఒక్కో పట్టీనీ వెలుతురులో పట్టి చూడాలి. ముఖ్యంగా సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ. పగులు ఎక్కువగా అక్కడే పుడుతుంది. ఒక పట్టీ కొస పక్క పట్టీ మీద రాసుకుని లోతుగా గాడి పడితే అది కూడా మార్చాల్సిందే.

తర్వాత కట్టలో కంపెనీ పట్టీలు ఏవో, తర్వాత వచ్చినవి ఏవో వేరు చేయించండి. మందం వెర్నియర్‌తో కొలిస్తే తెలిసిపోతుంది. ఈ మందం గురించి ఒక మాట చెప్పాలి. పట్టీ బిగువు దాని వెడల్పుతో మామూలుగా పెరుగుతుంది. మందంతో మాత్రం ఘనంలో పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. అందుకే ‘ఏవో రెండు తీసేద్దాం’ అనే పని పనికిరాదు. మందమైన అదనపు పట్టీ ఉంచి, పలచటి అసలు పట్టీ తీసేస్తే బండి దిగదు, ఎగరడమూ ఆగదు. మీ బండిలో కట్ట హౌసింగ్ మీద కూర్చుని ఉంది కాబట్టి, తీసిన పట్టీల మందం మేరకు బండి నేరుగా దిగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీలు రెండు తీస్తే అక్కడికే 16 మిల్లీమీటర్లు. ఆపైన కట్ట మెత్తబడి ఇంకొంత దిగుతుంది. అసలు పట్టీలు ఒంపు తప్పి ఉంటే చల్లటి ఇనుము మీదే, మంట తగలకుండా, ప్రెస్సుతోనో సుత్తి దెబ్బలతోనో కమాన్ సరిచేసే పనివాళ్ళు ఆటోనగర్లో ఉన్నారు. దెబ్బ దెబ్బకూ పట్టీని కన్ను దగ్గర పెట్టుకుని అంచు వెంట చూస్తారు. ఆ పని చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం.

కట్ట మళ్ళీ కూర్చేటప్పుడు పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు సన్నగా పూయించండి. యు-బోల్టులు కొత్తవి వేయించండి, పాతవి మళ్ళీ వాడొద్దు. పొడుగువి కూడా వద్దు, కట్ట పలచబడింది కదా, మర చివరికొచ్చి బిగువు పట్టదు. కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే షాకిల్ బుష్‌లు రబ్బరువైతే వాటి బోల్టులు చివరిగా బిగించాల్సింది బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే, కిందికి దిగగానే రబ్బరు మెలికపడి కొద్ది నెలల్లో చీలిపోతుంది. ఈ ఒక్కటి మన దగ్గర చాలా షాపుల్లో చేయరు. మీరు అడిగి చేయించుకోండి. 500 కిలోమీటర్లు తిరిగాక యు-బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించాలి.

కొన్ని పికప్‌లకు వెనక హౌసింగ్ నుంచి ఛాసిస్ మీదున్న బ్రేక్ వాల్వ్‌కు ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. మీ దానికి ఉంటే దాన్ని మర్చిపోవద్దు. సరుకు పడి ఛాసిస్ కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి, వెనక బ్రేకులకు ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. సరుకు లేకుండానే బండిని కిందికి దించారనుకోండి, వాల్వ్ మాత్రం సరుకు ఉందనే అనుకుంటుంది. వానలో గట్టిగా బ్రేకు తొక్కితే ఖాళీ బండి వెనక చక్రాలు బిగుసుకుని జారిపోతాయి. నాలుగు అంగుళాలు దించినవాళ్ళు చాలామంది ఈ కడ్డీ జోలికే పోరు. మీరు అసలు ఎత్తుకు తెచ్చాక కూడా ఒకసారి దాన్ని సెట్ చేయించండి, ఎందుకంటే ఎక్స్‌ట్రా పట్టీలు వేసిన రోజున ఎవరో దాన్ని మార్చే ఉంటారు. హెడ్‌లైట్లు కూడా అంతే. వెనక దిగితే వెలుతురు పైకి లేచి ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొడుతుంది. చివరగా వీల్ అలైన్‌మెంట్.

నాలుగు అంగుళాల కోరిక మాత్రం వదులుకోండి. మీ ఊరి నుంచి తెనాలి వెళ్ళే దారిలో ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో, వాటిలో ఎన్ని లెక్క ప్రకారం వేశారో మీకు నాకంటే బాగా తెలుసు. కట్ట వంగడానికి ఉన్న జాగాలో నాలుగు అంగుళాలు ముందే తినేస్తే మిగిలేది హౌసింగ్ వెళ్ళి ఛాసిస్‌ను గుద్దడమే.

అమ్మగారి విషయం నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆవిడ ఎక్కేది ముందు తలుపు దగ్గర. వెనక ఎంత దించినా అక్కడ తేడా వచ్చేది కొద్దిగానే. పెద్దవాళ్ళకు కావాల్సింది కాలు మోపడానికి ఒక మెట్టు, చేత్తో పట్టుకోవడానికి ఒక ఆధారం. తలుపు కింద ఛాసిస్‌కు బోల్టులతో బిగించే ఫుట్‌బోర్డు వేయించండి, నేల నుంచి అడుగు ఎత్తుకు మించకుండా, పైన గీతల రేకు పరిచి. మడ్‌గార్డు గీతకు బయటికి రాకూడదు. లోపల తలుపు స్తంభానికి హ్యాండిల్ ఒకటి. టైర్లు కూడా చూడండి, సరుకు బళ్ళకు పెద్ద సైజు వేయడం ఉంది. ఆర్‌సీలోనూ కంపెనీ పుస్తకంలోనూ ఉన్న సైజుకు మారిస్తే ముందూ వెనకా రెండు చోట్లా దిగుతుంది, స్పీడో మీటరూ నిజం చెబుతుంది.

ఇక వింటేజ్ మాట. 2021లో కేంద్రం వింటేజ్ బళ్ళకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. వ్యాపారానికి వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అని వస్తుంది. మీ 1990 బండి ఆ వయసుకు వచ్చేది 2040లో. అప్పుడు దానికి ఆ గౌరవం దక్కాలంటే ఇప్పుడు కోతలు, వెల్డింగులు లేకుండా ఉండటమే దారి. ఈలోగా అది అందరి బళ్ళలాంటిదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతిలేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. సరుకు బండిగా రిజిస్టరై ఉంటే ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్ళాలి. అక్కడ కట్టలు కూడా చూస్తారు. ఎక్స్‌ట్రా పట్టీలు తీసి అసలు స్థితికి తెస్తే మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కాగితాలు మీ పేరుకు మారాయా? ఉత్తరంలో రాయలేదు. యజమాని చనిపోయినప్పుడు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. గడువు దాటితే అపరాధ రుసుము కట్టి చేయించుకోండి. ఇన్సూరెన్సు కూడా మీ పేరు మీదికి రావాలి. ఏడాదిగా నాన్నగారి పేరు మీదే తిరుగుతుంటే, కమాన్ పని కంటే ముందు ఈ పని చూడండి. రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది.

తీసిన ఆ రెండు పట్టీలూ పారేయకండి, మీ నాన్నగారి కష్టం వాటి మీద ఉంది. తుడిచి, నూనె రాసి ఇంట్లో ఒక మూల పెట్టుకోండి.

ప్రశ్న: మా తాతగారి మహీంద్రా జీపును మా బాబాయి వెనక తొట్టి కట్టించి పికప్‌లా వాడారు. ప్యూజో డీజిల్ ఇంజన్. దించడానికి యాక్సిల్‌కూ కట్టకూ మధ్య రెండు అంగుళాల బ్లాక్ పెడితే చాలంటున్నారు. నా స్నేహితుడేమో బ్లాక్ పెడితే బండి ఇంకా లేస్తుందంటున్నాడు. ఎవరిది నిజం?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇద్దరిదీ నిజమేనమ్మా, వాళ్ళు చూసిన బళ్ళు వేరు. కట్ట యాక్సిల్ పైన కూర్చున్న బండిలో మధ్యన బ్లాక్ పెడితే కట్ట పైకి జరుగుతుంది, దానితోపాటు బండి లేస్తుంది. కట్ట యాక్సిల్ కింద వేలాడే బండిలో అదే బ్లాక్ కట్టను కిందికి నెడుతుంది, బండి దిగుతుంది. పాత జీపుల్లో కట్ట యాక్సిల్ కిందే ఉంటుంది. కాబట్టి మీ బండి దిగుతుంది.

దిగుతుంది కాబట్టి చేయించమని మాత్రం అనను. చట్టం సంగతి పైన గుంటూరు కుర్రాడికి చెప్పిందే మీకూ వర్తిస్తుంది. ముందు యాక్సిల్‌కు అయితే అసలు వద్దు. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వెళ్ళే రాడ్డు వాలు మారిపోయి, గుంటలో పడ్డ ప్రతిసారీ చేతిలో స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. వెనక కూడా హౌసింగ్ ఎత్తు మారితే వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి, దాని కీళ్ళైన క్రాస్ జాయింట్లు త్వరగా పోతాయి, వేగం అందుకున్నప్పుడు వణుకు మొదలవుతుంది. చెక్క దిమ్మలు పెట్టడం, బ్లాక్ మీద బ్లాక్ వేయడం, హౌసింగ్‌కు వెల్డింగ్ చేయడం, ఈ మూడింటిలో ఏది చేస్తానన్నా ఆ షాపు నుంచి బండి తెచ్చేసుకోండి. తొట్టి కట్టినప్పుడు ఎక్స్‌ట్రా పట్టీలు వేశారేమో చూడండి. నాకైతే వేశారనే అనిపిస్తోంది.

ప్రశ్న: అంకుల్, నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగాను, అమ్మ చేత తెలుగులో రాయిస్తున్నాను. మా నాన్న ఇక్కడికి వచ్చిన కొత్తల్లో కొన్న 1982 డాట్సన్ 720 డీజిల్ పికప్, టూ వీల్ డ్రైవ్, నాకు ఇచ్చారు. ఇక్కడ దించడం మామూలే. మీరేమంటారు?
— ఫ్రీమాంట్ నుంచి

జవాబు: బాబూ, మీ చోటు వేరు, మీకు చెప్పే మాటా వేరు. 1980ల్లో కాలిఫోర్నియా కుర్రాళ్ళు ఈ చిన్న జపాన్ పికప్‌లను దించి నడపడం ఒక కళగానే చేశారు. మీ రోడ్లు అందుకు ఒప్పుతాయి, చట్టం కూడా ఒక గీత గీసి ఆ లోపల ఒప్పుకుంటుంది. చక్రం రిమ్ములో నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉండే అంచు కంటే బండిలో మరే భాగమూ కిందికి రాకూడదు. టైరులో గాలి పోయినా బండి పొట్ట నేలను గీరకుండా ఈ నిబంధన. 1997, అంతకు ముందు మోడల్ డీజిల్ బళ్ళకు అక్కడ పొగ పరీక్ష కూడా లేదు కాబట్టి ఆ బెంగ మీకు లేదు.

మీ 720కి ముందు టార్షన్ బార్లు, వెనక కట్టలు. టూ వీల్ డ్రైవ్ కాబట్టి వెనక యాక్సిల్ కట్ట మీద ఉంటుంది, బ్లాక్‌తో దిగుతుంది. రెండు అంగుళాలకు మించొద్దు. అంతవరకైతే ఛాసిస్ కోయకుండా సరిపోతుంది. కాస్టింగ్ లేదా మెషీన్ చేసిన బ్లాకులే కొనండి, సెంటర్ బోల్టు తల కూర్చునే గుంట, పిన్ను ఉన్నవి. యు-బోల్టులు వాటితో వచ్చిన కొత్తవే వేయండి. ముందు వైపు టార్షన్ బార్ కొద్దికొద్దిగా వదిలి, ప్రతిసారీ బండిని కాస్త దూరం నడిపి కొలవండి. మీది డీజిల్, పెట్రోల్ 720 కంటే ముందు బరువు ఎక్కువ. పెట్రోల్ బండివాళ్ళు చెప్పిన చుట్ల లెక్క పట్టుకోకండి, మీ కొలతనే నమ్మండి. దించాక షాక్ అబ్జార్బర్లు పొట్టివి వేయాలి, లేకపోతే లోపల అడుగంటి పాడవుతాయి. అలైన్‌మెంట్ తప్పనిసరి, టార్షన్ బార్ వదిలితే చక్రం పైభాగం లోపలికి వాలి టైరు లోపలి అంచు అరుగుతుంది.

తలుపు దగ్గర ఉన్న తయారీ ప్లేటు మీద జపాన్ అని ఉంటుంది, జాగ్రత్తగా ఉంచుకోండి. 1983 జూన్‌లో టెన్నెసీ రాష్ట్రం స్మిర్నాలో నిస్సాన్ కర్మాగారం మొదలై మొదట బయటికి పంపింది ఈ 720 పికప్‌నే. మీ నాన్నగారిది దానికి ముందు ఓడలో వచ్చిన బండి. 1964 నుంచి దిగుమతి పికప్‌ల మీద అమెరికా 25 శాతం సుంకం వేస్తున్నా, డీజిల్ మైలేజీ కోసం జనం వీటిని కొన్నారు. మీరు బ్లాకులు బోల్టులతోనే బిగిస్తే రేపు విప్పి మళ్ళీ మొదటి ఎత్తుకు తెచ్చుకోవచ్చు. కోస్తే కుదరదు.

ప్రశ్న: మా ఇంట్లో పాత ఆల్విన్ నిస్సాన్ బండి ఉంది, మా మామయ్యది. కమాన్ పట్టీలు రెండు విరిగాయి. కంపెనీ పార్టులు దొరకడం లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, సంగారెడ్డి

జవాబు: మీ జహీరాబాద్‌లోనే తయారైన బండి అది. 1989లో ఆ కంపెనీ మహీంద్రా చేతికి వెళ్ళింది. కమాన్ పట్టీలకు కంపెనీ పార్టు కోసం వెతుక్కోనక్కర్లేదు. మంచి కమాన్ షాపువాళ్ళు స్ప్రింగ్ స్టీలు పట్టీ తెచ్చి, అదే కొలతకు తయారు చేస్తారు. వాళ్ళకు కావాల్సినవి వెడల్పు, మందం, కంటి (పట్టీ కొసన చుట్టిన రంధ్రం) నుంచి కంటికి పొడవు, ఒంపు, సెంటర్ బోల్టు రంధ్రం ఎక్కడుందో. విరిగిన ముక్కల్లో ఒంపు కొలత సరిగా రాదు కాబట్టి, విరగని రెండో వైపు కట్టను కూడా విప్పి వెంట తీసుకెళ్ళండి. ఒక వైపు కొత్తవి, ఇంకో వైపు పాతవి వేస్తే బండి ఒక పక్కకు వాలుతుంది. అందుకని రెండు వైపులా ఒకేసారి చేయించండి. తయారైన పట్టీలను బిగించే ముందు, పాత కట్ట పక్కన నేల మీద పెట్టి ఒంపు కలిసిందో లేదో మీ కళ్ళతో చూసుకోండి.